పాకెట్‌లో పడిన బంతికి కూడా పదో పిన్ నిలబడిపోతోంది: పిన్ క్యారీని మెరుగుపరచుకోవడం ఎలా?

ప్రశ్న: కుడిచేతి బౌలర్

అందరికీ నమస్కారం. నేను టెన్‌పిన్ బౌలింగ్‌లో, అంటే లేన్ చివర త్రికోణంగా నిలబెట్టిన పది పిన్నులను బంతితో పడగొట్టే ఆటలో, కుడిచేతి వాటం ఆటగాణ్ణి. 15 పౌండ్ల రియాక్టివ్ రెజిన్ బంతితో, లేన్ మీద గురికోసం వేసిన బాణం గుర్తుల్లో కుడి నుంచి రెండోదాని మీదుగా హుక్ వేసి, అంటే బంతి వంపు తిరిగేలా విడిచి, ఆడుతాను. గేమ్‌కు నా సగటు స్కోరు 175 దాటిన తరువాత చాలాకాలంగా అక్కడే ఆగిపోయింది. గురి తప్పి పోగొట్టుకుంటున్న పిన్నుల కంటే గురి కుదిరిన తరువాత పోగొట్టుకుంటున్నవే ఎక్కువగా ఉండటం నన్ను కలవరపెడుతోంది. మొదటి గేమ్‌లో ఒకటో పిన్‌కూ మూడో పిన్‌కూ మధ్యనున్న పాకెట్‌లో బంతి పడితే దాదాపు ప్రతిసారీ పది పిన్నులూ కూలుతాయి. రెండో గేమ్ సగానికి వచ్చేసరికి, అదే చోట నిలబడి, అదే గుర్తు మీదుగా వేసి, అదే పాకెట్‌ను కొట్టినా పదో పిన్ కదలకుండా నిలబడుతోంది. అప్పుడప్పుడు ఎనిమిదో పిన్, పదో పిన్ రెండూ స్ప్లిట్‌గా, అంటే నడుమ ఖాళీతో విడివిడిగా, మిగిలిపోతున్నాయి.

దీనిపై నాకు అందిన సలహాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఇంకా వేగంగా వేయమని కొందరు, వేగం తగ్గించమని మరికొందరు అంటున్నారు. బంతి బరువు 16 పౌండ్లకు పెంచాలని ఒక సలహా, ఎక్కువ హుక్ అయ్యే కొత్త బంతి కొనాలని మరొకటి. పాకెట్ తగిలాక జరిగేదంతా అదృష్టమేనని, దాని గురించి ఆలోచించడం అనవసరమని చెప్పినవారు కూడా ఉన్నారు. వేగంగా వేసి చూశాను. అప్పుడు బంతి పాకెట్ వరకు తిరగనే లేదు.

నేను తెలుసుకోదలచినది ఒక్కటే. పాకెట్‌లో పడిన రెండు బంతుల్లో ఒకటి స్ట్రయిక్ కావడానికి (ఆ ఒక్క బంతికే పదీ కూలడానికి), ఇంకొకటి తొమ్మిదితో ఆగిపోవడానికి మధ్యనున్న తేడాను లేన్ ఇవతలి నుంచి ఆటగాడు ఎలా గుర్తించాలి? గుర్తించిన తరువాత మొదట దేన్ని మార్చాలి?

జవాబు: లేన్ పరిశీలకుడు

మీరు ప్రశ్నను సరైన చోట నిలిపారు. సలహాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి కారణం, ఆ సలహాలన్నీ ఏదో ఒక సందర్భంలో నిజమే కావడం. మీ సందర్భం ఏదో తేల్చుకోకుండా వాటిలో ఏదీ పనికిరాదు.

ముందుగా పిన్నుల అమరికను చూద్దాం. మనకు దగ్గరగా ఒకటో పిన్, దాని వెనక వరుసల్లో ఎడమ నుంచి కుడికి రెండు, మూడు; నాలుగు, అయిదు, ఆరు; చివరి వరుసలో ఏడు నుంచి పది వరకు ఉంటాయి. పక్కపక్క పిన్నుల నడిమి బిందువుల మధ్య దూరం 12 అంగుళాలు. ఒక్కొక్క పిన్ అత్యంత వెడల్పైన చోట సుమారు 4¾ అంగుళాలు ఉంటుంది. బంతి వ్యాసం సుమారు 8½ అంగుళాలు. సరైన స్ట్రయిక్‌లో కుడిచేతి ఆటగాడి బంతి తాకేది నాలుగు పిన్నులను మాత్రమే: ఒకటి, మూడు, అయిదు, తొమ్మిది. మిగిలిన ఆరింటిని పిన్నులే పడగొట్టాలి. ఒకటో పిన్ రెండును, రెండు నాలుగును, నాలుగు ఏడును కొడతాయి. కుడివైపున మూడో పిన్ ఆరును, ఆరు పదిని కొడతాయి. అయిదో పిన్ వెనక్కి వెళ్లి ఎనిమిదిని పడగొడుతుంది. పిన్ క్యారీ అని మనం అంటున్నది ఈ గొలుసులు తెగకుండా చివరి వరకు సాగడాన్నే. మీకు తెగుతున్నది కుడివైపు గొలుసులోని చివరి ముడి.

కాబట్టి పదో పిన్ ఎందుకు పడలేదని అడగడం కంటే ఆరో పిన్ ఎక్కడికి వెళ్లిందని అడగడం మేలు. పదో పిన్ నిలబడితే ఆటగాళ్ల చూపు దాని మీదే ఉండిపోతుంది గాని, అది మనకు చెప్పగలిగింది ఏమీ లేదు. చెప్పగలిగింది ఆరో పిన్. అది బలంగా లేచి, పక్క గోడను కొట్టి, పదో పిన్ మెడ చుట్టూ తిరిగినట్లుగా దాన్ని తాకకుండా దాటిపోయిందంటే బంతిలో శక్తికి కొరత లేదనీ, తగిలిన చోటులోనో కోణంలోనో వెంట్రుకవాసి తేడా ఉందనీ అర్థం. చాలావరకు అటువంటప్పుడు బంతి పాకెట్ నడిమికంటే కొద్దిగా ఎత్తుగా, అంటే హెడ్ పిన్ (ఒకటో పిన్) వైపుగా తగిలి ఉంటుంది. అలా కాకుండా ఆరో పిన్ నీరసంగా పక్కకు ఒరిగి, పదో పిన్ పక్కనున్న గట్టర్‌లో (లేన్ అంచు కాలువలో) పడుకుందంటే బంతి పిన్నులను చీల్చుకుంటూ లోపలికి వెళ్లలేదనీ, హెడ్ పిన్‌ను తాకగానే కుడివైపుకు తోసివేయబడిందనీ అర్థం. చూపులకు రెండూ ఒకే పదో పిన్. వాటి చికిత్సలు వేరు.

రెండో ఆనవాలు, బంతి పిన్నుల వెనక నుంచి ఎక్కడ కిందికి జారిందన్నది. చివరిగా తొమ్మిదో పిన్‌ను కొట్టిన బంతి ఎనిమిదికీ తొమ్మిదికీ నడుమ, తొమ్మిదికి దగ్గరగా వెళ్లిపోతుంది. తొమ్మిదో పిన్‌కు కుడివైపు నుంచి జారిపోయిన బంతి నిస్సందేహంగా దారి తప్పింది. మీరు చెప్పిన ఎనిమిది, పది స్ప్లిట్ కూడా ఈ కుటుంబానిదే. బంతి కుడికి ఒరిగిపోవడంతో అయిదో పిన్‌కు పలుచని దెబ్బ (అంచున మాత్రమే) తగులుతుంది, అది నేరుగా వెనక్కి వెళ్లకుండా ఎడమకు జారి ఎనిమిదిని వదిలేస్తుంది.

ఇక ప్రవేశ కోణం, అంటే బంతి పాకెట్‌లోకి వచ్చే వాలు. అమెరికాలో ఈ ఆట నియమాలను చూసే యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ పరిశోధనల్లో స్ట్రయిక్‌కు అత్యంత అనుకూలమైన కోణం సుమారు 6 డిగ్రీలని తేలింది. ఈ సంఖ్య ఎంత పెద్దదో కొద్దిపాటి లెక్కతో తెలుస్తుంది. ఆటగాడు దాటకూడని ఫౌల్ లైన్ నుంచి హెడ్ పిన్‌కు 60 అడుగులు. లేన్ వెడల్పు 41½ అంగుళాలు, అందులో 39 బోర్డులు (లేన్ పొడవునా ఉండే సన్నని పట్టీలు). పాకెట్ నడిమి భాగం కుడి అంచు నుంచి లెక్కిస్తే 17, 18 బోర్డుల మధ్య ఉంటుంది. కుడి అంచు నుంచి పాకెట్‌కు ఎంత వాలుగా నేరుగా వేసినా కోణం ఒకటిన్నర డిగ్రీలు దాటదు. 6 డిగ్రీలంటే ప్రతి అడుగు ముందుకు వెళ్లేసరికి బంతి అంగుళంపావు పక్కకు జరగాలి, అంటే ఒక బోర్డుకు పైగా. ఇది హుక్ వల్ల మాత్రమే సాధ్యం, అందులోనూ ఆ మలుపు చివరి భాగంలో వచ్చినప్పుడే సాధ్యం. 25 అడుగుల దగ్గరే తిరిగిపోయిన బంతి పాకెట్‌కు చేరవచ్చును గాని, చేరేసరికి అది దాదాపు సరళరేఖలో వస్తుంటుంది.

మీ రెండో గేమ్‌లో ఇదే జరుగుతోందని నా అనుమానం. అయినా మూడు సంగతులు తెలియకుండా తీర్పు చెప్పడం సరికాదు. ఆరో పిన్ ఎలా పడుతోంది? బంతి వెనక ఎక్కడ జారుతోంది? మొదటి గేమ్‌తో పోలిస్తే బంతి మలుపు తీసుకునే చోటు మీ వైపుకు వచ్చిందా, పిన్నుల వైపుకు వెళ్లిందా? వీటిని ఒక పూట గమనించి చెప్పగలరా?

జవాబు: నిదానమే ప్రధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ వేగం గురించి కొంత చేర్చదలచాను, ఎందుకంటే ఎక్కువ మంది చేయి పెట్టేది అక్కడే.

చాలా లేన్లలో తెర మీద కనిపించే వేగాన్ని ఏ చోట కొలుస్తున్నారో మనకు తెలియదు. బంతి చేతి నుంచి విడివడిన క్షణం నుంచి పిన్నులను చేరేలోపు గంటకు మూడు మైళ్ల వరకు వేగాన్ని కోల్పోతుంది కనుక, ఒక చోట 17 అని చూపిన వేగం ఇంకొక చోట 15గా కనిపించవచ్చును. అందుచేత ఆ సంఖ్యను ఇతరుల సంఖ్యతో పోల్చవద్దు, మీ మొదటి గేమ్ సంఖ్యతోనే పోల్చండి. వీలైతే స్టాప్‌వాచ్ పట్టుకోమని స్నేహితుణ్ణి అడగండి. గంటకు 17 మైళ్ల సగటు వేగంతో వెళ్లే బంతి 60 అడుగులను దాదాపు 2.4 సెకన్లలో దాటుతుంది. రెండో గేమ్‌లో ఆ సమయం పెరుగుతున్నట్లయితే మీ కాళ్లు అలసిపోతున్నాయి. లేన్ మారిందని అనుకున్న మార్పులో కొంత భాగం మీ శరీరానిదే.

వేగాన్ని పెంచవలసి వచ్చినా భుజంతో పెంచకూడదు. భుజంతో బలవంతంగా తోసిన బంతికి చేతి భ్రమణం సరిగా అందదు, విడిచే సమయం తప్పుతుంది, బంతి తిరగకుండానే జారుకుంటూ వెళుతుంది. మీకు పాకెట్ అందకపోవడానికి కారణం ఇదే అయివుంటుంది. బంతిని నిలబడే భంగిమలో రెండు మూడు అంగుళాలు ఎత్తుగా పట్టుకుని, చేతి ఊపును దాని బరువుకే వదిలేసి, అడుగులను కొద్దిగా చురుకుగా వేస్తే వేగం దానంతట అదే పెరుగుతుంది. తగ్గించవలసినప్పుడు ఇదే క్రమాన్ని తిరగవేయాలి.

బరువు విషయంలో కూడా ఒక చిన్న లెక్క ఉంది. 15 పౌండ్ల నుంచి 16కు వెళ్లితే ద్రవ్యవేగం ఏడు శాతం లోపే పెరుగుతుంది. గంటకు 17 మైళ్ల దగ్గర ఒక మైలు వేగం తగ్గితే దాదాపు అంతే పోతుంది. అంటే బరువైన బంతిని మోయలేక మీ వేగం ఒక్క మైలు తగ్గినా లాభమంతా తుడిచిపెట్టుకుపోతుంది. 16 పౌండ్లు నియమాల ప్రకారం గరిష్ఠ బరువు. అందరూ చేరవలసిన గమ్యంగా దాన్ని చూడనక్కరలేదు.

జవాబు: ఎడమవైపు నుంచి

నేను ఎడమచేతి వాటంవాణ్ణి కాబట్టి నా పాకెట్ ఒకటికీ రెండుకూ మధ్య ఉంటుంది, నన్ను వేధించేది ఏడో పిన్. పైన చెప్పినదంతా అద్దంలో చూసినట్లు తిప్పుకుంటే నాకూ వర్తిస్తుంది. ఒక్క తేడా మాత్రం చెప్పుకోవాలి. ఎడమచేతి ఆటగాళ్లు తక్కువ కాబట్టి మా వైపు లేన్ మీద పరచిన నూనె నెమ్మదిగా మారుతుంది. మీ వైపు అందరి బంతులూ ఒకే దారిలో వెళ్లి ఆ నూనెను త్వరగా తుడిచేస్తాయి.

మిగిలే పిన్నులన్నీ ఒకే భాష మాట్లాడవని నా అనుభవం. పదో పిన్ మీదే దృష్టి పెట్టి తక్కినవి మరచిపోతే సగం సమాచారం పోతుంది. మీ కుడిచేతి లెక్కలోనే చెబుతాను. ఒంటరిగా తొమ్మిదో పిన్ నిలబడిందంటే బంతి అతిగా వాలుగా, అతి బలంగా లోపలికి దూసుకుపోయి, తొమ్మిదికి ఎడమవైపు నుంచి వెళ్లిపోయిందని అర్థం. నాలుగో పిన్ మిగిలితే బంతి ఎత్తుగా తగిలింది. అయిదో పిన్ మిగిలితే బంతి పలుచగా తగిలి, లోపలికి వెళ్లే బలం లేక పక్కకు తప్పుకుంది. రెండో పిన్‌తో పాటు ఎనిమిదో పదో నిలబడితే అది పాకెట్ దెబ్బ కానే కాదు, బంతి హెడ్ పిన్‌ను అంచున తాకింది. ఒక్క బంతిని చూసి నిర్ణయానికి రాకూడదు గాని, వరుసగా మిగులుతున్నవి ఒకే వైపుకు చూపిస్తుంటే వాటిని నమ్మవలసిందే.

కొత్త బంతి గురించి ఒక మాట. బలంగా హుక్ అయ్యే బంతి ఎక్కువ క్యారీ ఇస్తుందన్న నమ్మకం అంగడిలో బాగా చెల్లుతుంది. లేన్ ఎండిపోయిన తరువాత అటువంటి బంతి ఇంకా ముందుగా తిరిగి, ఇంకా ముందుగా శక్తిని ఖర్చు చేసుకుని, మీ సమస్యను పెంచుతుంది. వాల్టర్ రే విలియమ్స్ జూనియర్ వృత్తి బౌలింగ్‌లో 47 టైటిళ్లు గెలిచింది భారీ హుక్‌తో కాదు. బంతిని సూటిగా విడిచే తీరుతో, అసాధారణమైన ఖచ్చితత్వంతో, లేన్‌లో తనకు కావలసిన దారిని వెతుక్కుంటూ గెలిచారు. మరోవైపు జేసన్ బెల్మోంటే రెండు చేతులతో వేసే విధానంతో, చాలా ఎక్కువ భ్రమణాలతో అగ్రస్థానానికి చేరారు. ఒకరిది సరైనదీ మరొకరిది కాదనీ చెప్పలేము. ఇద్దరూ తమ బంతి పిన్నులను చేరేసరికి అందులో శక్తి మిగిలి ఉండేలా చూసుకున్నారు.

ప్రశ్న వేసినవారి స్పందన: కుడిచేతి బౌలర్

మీ అందరికీ ధన్యవాదాలు. అడిగిన సంగతులను శ్రద్ధగా గమనించాను. రెండో గేమ్‌లో ఆరో పిన్ దాదాపు ఎల్లప్పుడూ గట్టర్‌లోనే పడుకుంటోంది. పదో పిన్ చుట్టూ తిరిగి వెళ్లినట్లు చాలా అరుదుగా కనిపించింది. బంతి తొమ్మిదో పిన్‌కు కుడివైపు నుంచే జారిపోతోంది. మలుపు విషయంలో మీ అనుమానం నిజమైంది. మొదటి గేమ్‌లో లేన్ చివరి మూడో వంతులో చురుకుగా తిరిగిన బంతి, తరువాత తరువాత బాణం గుర్తులు దాటిన కొద్దిసేపటికే తిరగడం మొదలుపెట్టి, పిన్నుల ముందు మాత్రం ఏ మలుపూ లేకుండా దొర్లుకుంటూ వస్తోంది. వేగంలో చెప్పుకోదగిన మార్పు లేదు. బంతి ఉపరితలాన్ని 2000 గ్రిట్ రాపిడి ప్యాడ్‌తో (సంఖ్య పెరిగేకొద్దీ నునుపు పెరుగుతుంది) రుద్దించి ఉంది.

నాకు అర్థం కాని విషయం ఇది. బంతి ముందుగా తిరుగుతున్నప్పుడు అది హెడ్ పిన్‌కు ఎడమవైపు దాటిపోవాలి కదా? ఇంకా పాకెట్‌కే ఎలా వస్తోంది?

జవాబు: లేన్ పరిశీలకుడు

మీ చివరి ప్రశ్నలోనే ఈ చర్చ అంతటికీ కీలకం ఉంది, కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

బంతి లేన్ మీద మూడు దశలుగా ప్రయాణిస్తుంది: మొదట నూనెలో జారుతుంది, తరువాత రాపిడి దొరికి తిరుగుతుంది, చివరికి తిరగడం పూర్తయి దొర్లుతుంది. దొర్లే దశకు చేరిన బంతి ఇక తన దిశను మార్చుకోదు. పిన్నులను చేరేసరికి అది అప్పుడే దొర్లడం మొదలుపెట్టిన స్థితిలో ఉండాలి. రెండో బాణం గుర్తు దారిలో నూనె తుడిచిపెట్టుకుపోవడంతో మీ బంతి ముందుగా తిరిగింది, తిరిగి తిరిగి ముందుగానే ఆ పని ముగించుకుంది, ఆ తరువాత చివరి 15 అడుగులూ సరళరేఖలో నడిచింది. ముందు తిరిగినందువల్ల ఎడమకు జరిగిన దూరమూ, తరువాత తిరగనందువల్ల కుడికి మిగిలిపోయిన దూరమూ ఒకదాన్నొకటి సరిచేసుకుని బంతిని పాకెట్‌కే చేర్చాయి. గమ్యం అదే, వచ్చిన కోణం వేరు. పాకెట్‌లోనే పడుతోంది కదా అని ఆటగాడు చోటు మార్చుకోకుండా ఉండిపోవడానికి కారణం ఇదే. ఎత్తుగా తగిలి స్ప్లిట్లు వచ్చినప్పుడు అందరూ కదులుతారు. గట్టర్‌లో పడుకున్న ఆరో పిన్ అంతకంటే ముందుగా వచ్చిన హెచ్చరికే అయినా దాన్ని చాలామంది దురదృష్టం కింద జమకడతారు.

అందువల్ల మొదట మార్చవలసింది బంతిని కాదు, వేగాన్ని కాదు, నిలబడే చోటును. పాదాలను రెండు బోర్డులు ఎడమకు జరపండి, చూపును బాణం గుర్తుల దగ్గర ఒక బోర్డు ఎడమకు జరపండి. బాణం గుర్తులు అయిదేసి బోర్డులకు ఒకటిగా ఉంటాయి కాబట్టి పదో బోర్డు మీదున్న రెండో బాణం నుంచి మీ గురి పదకొండో బోర్డుకు మారుతుంది. ఇప్పుడు బంతి లోపలివైపు నూనె మిగిలి ఉన్న చోట జారుతూ వెళ్లి, కొద్దిగా కుడివైపుకు వాలి, ఆలస్యంగా తిరుగుతుంది. ఒక జరుగుడుతో చాలకపోతే మళ్లీ అంతే జరగండి. జరిగిన తరువాత బంతి పాకెట్‌ను అందుకోకుండా కుడికి మిగిలిపోతే కంగారుపడి వెనక్కి రాకండి. పాదాలను మాత్రం ఒక్క బోర్డు కుడికి సర్దుకుని, మరొక బంతి వేసి చూడండి.

బంతి ఎక్కడ తిరగాలన్నదానికి ఆటగాళ్లు వాడే ఒక సూత్రం ఉంది. నూనె పరచిన పొడవులోంచి 31 తీసివేస్తే మలుపు ఉండవలసిన బోర్డు వస్తుంది. 40 అడుగుల నూనెకు తొమ్మిదో బోర్డు, 44 అడుగులకు పదమూడో బోర్డు. ఇది ఉజ్జాయింపు మాత్రమే, పైగా నూనె తాజాగా ఉన్నప్పుడే సరిగా సరిపోతుంది. అయినా మీ కళ్లకు వెతకవలసిన చోటును ఇస్తుంది. బాణం గుర్తుల మీదే కాకుండా దాదాపు 40 అడుగుల దగ్గర బంతి ఏ బోర్డు మీద ఉందో చూడటం అలవాటు చేసుకుంటే పాకెట్‌కు చేరకముందే ఫలితాన్ని ఊహించగలుగుతారు.

చోటు మార్చుకోవడంతో సరిపోనప్పుడే బంతి వంతు వస్తుంది. 2000 గ్రిట్‌తో రుద్దిన ఉపరితలానికి రాపిడి ఎక్కువ, అది తాజా నూనెలో మేలు చేస్తుంది గాని ఎండిన దారిలో బంతి శక్తిని త్వరగా హరిస్తుంది. 4000 గ్రిట్ వరకు నునుపు చేసినా, పైన పాలిష్ పట్టించినా బంతి ఇంకొంత దూరం జారి ఆలస్యంగా తిరుగుతుంది. రియాక్టివ్ బంతులు నూనెను పీల్చుకుంటాయి కాబట్టి ఆట ముగిసిన వెంటనే శుభ్రం చేయడం కూడా దీనిలో భాగమే. అధికారిక పోటీ మధ్యలో ఉపరితలాన్ని రుద్ది మార్చడానికి అనుమతి ఉండదు. ఆ పని ముందే చేసుకోవాలి, లేదా నునుపైన రెండో బంతిని వెంట ఉంచుకోవాలి.

ఒక జాగ్రత్త చెప్పకపోతే ఈ సమాధానం అపాయకరమవుతుంది. గట్టర్‌లో పడుకున్న ఆరో పిన్‌కు సరిగ్గా దీనికి విరుద్ధమైన కారణం కూడా ఉండవచ్చును. నూనె ఎక్కువగా ఉన్న లేన్ మీద, లేదా అతి వేగంగా వేసినప్పుడు, బంతి ఇంకా జారుతూనే పిన్నులను చేరుతుంది. దానికీ కోణం చాలదు, అదీ కుడికే తోసివేయబడుతుంది. అప్పుడు ఎడమకు జరిగితే పరిస్థితి మరింత చెడుతుంది. వేగం తగ్గించాలి, లేదా గరుకైన ఉపరితలం వాడాలి. మీకు అందిన పరస్పర విరుద్ధ సలహాలు ఇక్కడినుంచే పుట్టాయి. రెండింటినీ వేరుచేసేది చివరి 20 అడుగుల్లో బంతి నడక. తిరగడం ముగించుకుని దొర్లుతోందా, తిరగడానికి ఇంకా మొదలుపెట్టలేదా అన్నది జాగ్రత్తగా చూస్తే స్పష్టంగానే కనిపిస్తుంది. మీది మొదటి రకమని మీ వర్ణనలోనే ఉంది.

జవాబు: స్కోరు పట్టిక

క్యారీ గురించి ఇంత లోతుగా చర్చించిన చోట, దాని విలువ ఎంతో కూడా లెక్కవేసి చూడటం అవసరమని నాకు అనిపిస్తోంది.

గేమ్‌లో ఫ్రేమ్‌లు, అంటే వంతులు, పది. స్పేర్‌కు (రెండో బంతితో మిగిలినవి కూల్చడానికి) తరువాతి ఒక బంతి పిన్నులు, స్ట్రయిక్‌కు తరువాతి రెండు బంతుల పిన్నులు అదనంగా కలుస్తాయి. ప్రతి ఫ్రేమ్‌లోనూ తొమ్మిది పిన్నులు, ఆపై స్పేర్ సాధించే ఆటగాడి స్కోరు 190. ఆ వరుస మధ్యలో ఒక్క స్ట్రయిక్ పడితే ముందరి స్పేర్ ఫ్రేమ్‌కు 20, స్ట్రయిక్ ఫ్రేమ్‌కు 20 వస్తాయి, అంటే మొత్తం మీద పెరిగేది 2 మాత్రమే. అదే చోట మిగిలిన పదో పిన్‌ను కొట్టలేకపోతే ఆ ఫ్రేమ్ 19 నుంచి 9కి పడిపోతుంది, నష్టం 10. దానికి ముందు స్ట్రయిక్ ఉండి ఉంటే నష్టం 11. వరుసగా రెండు స్ట్రయిక్‌లు పడితే లాభం 12కు, మూడు పడితే 23కు పెరుగుతుంది. అంటే క్యారీ ఫలితం ఒంటరి స్ట్రయిక్‌లో దాదాపు కనిపించదు, వరుసల్లోనే కనిపిస్తుంది. పదో పిన్ స్పేర్ ఫలితం మాత్రం ప్రతి ఫ్రేమ్‌లోనూ కనిపిస్తుంది. 175 సగటు దగ్గర ఆగిన ఆటగాడికి ఈ రెండింటిలో ముందుగా ఏది కలిసివస్తుందో నాకు సందేహం లేదు.

పదో పిన్‌కు హుక్ బంతిని వాడకండి. ఆ మూలకు వెళ్లే దారిలో నూనె ఉన్నప్పుడు ఒకలా, ఎండినప్పుడు ఒకలా తిరిగే బంతిని నమ్మడం కష్టం. నూనెను పట్టించుకోకుండా నేరుగా వెళ్లే ప్లాస్టిక్ బంతితో, ఎడమవైపు దూరంగా నిలబడి, లేన్ నడిమి బాణం దగ్గర్నుంచి అడ్డంగా పదో పిన్ వైపుకు వేయండి. నడిచేటప్పుడు శరీరం గురి వైపుకు తిరిగి ఉండాలి, చేయి విడిచేటప్పుడు తిరగకూడదు. సాధనకు వెళ్లినప్పుడల్లా కొంతసేపు నిండు పిన్నుల వైపు కూడా ఈ దారిలోనే వేసి, పదో పిన్‌ను మాత్రమే తాకడానికి ప్రయత్నించండి.

ప్రశ్న వేసినవారి స్పందన: కుడిచేతి బౌలర్

ఎడమకు జరగడం మొదలుపెట్టాను. ఆరో పిన్ ఇప్పుడు గట్టర్‌లో పడుకోవడం తగ్గింది, కొన్నిసార్లు పదో పిన్‌ను కొడుతోంది, కొన్నిసార్లు దాని చుట్టూ తిరిగి వెళుతోంది. స్పేర్ లెక్క నా ఆలోచనను మార్చింది, ప్లాస్టిక్ బంతి తీసుకుంటున్నాను. చివరిగా ఒక సందేహం: పిన్నుల తలలకు తాళ్లు కట్టి ఉండే లేన్లలో కూడా ఈ ఆనవాళ్లన్నీ ఇలాగే పనిచేస్తాయా?

జవాబు: లేన్ పరిశీలకుడు

ఆరో పిన్ పదో పిన్ చుట్టూ తిరుగుతోందంటే మీ బంతికి శక్తి తిరిగి వచ్చింది. ఇక పెద్ద జరుగుడులు వద్దు. పాదాలను ఒక్క బోర్డు మాత్రమే జరిపి, లేదా నడక మొదలుపెట్టే చోటును కొన్ని అంగుళాలు వెనక్కి మార్చి చూడండి.

తాళ్ల పిన్నుల విషయంలో సమాధానం పాక్షికంగా అవును. బంతి నడకా, ప్రవేశ కోణమూ, తొమ్మిదో పిన్ దగ్గర అది జారే చోటూ మారవు, వాటిని అలాగే చదవండి. మారేది పిన్నుల కదలిక. తాడు పిన్‌ను స్వేచ్ఛగా దొర్లనివ్వదు కాబట్టి, అడ్డంగా పడి దొర్లుకుంటూ వచ్చి చివరి క్షణంలో పదో పిన్‌ను పడగొట్టే దెబ్బలు అక్కడ తగ్గుతాయి. మరొకవైపు తాడు లాగడం వల్ల తాకకుండానే పడిపోయే పిన్నులు కూడా ఉంటాయి. యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ తన పరీక్షల్లో తాళ్ల పిన్నులతో స్ట్రయిక్‌లు తక్కువగా వస్తున్నట్లు గమనించింది, 2023లో దాన్ని ప్రత్యేకమైన విభాగంగా గుర్తించింది. కాబట్టి అక్కడ ఆరో పిన్ నడవడికను బట్టి చోటు మార్చుకోవద్దు. చివరి 20 అడుగుల్లో బంతిని చూసి మార్చుకోండి, ఆరో పిన్ సాక్ష్యాన్ని తాళ్లు లేని లేన్లకే పరిమితం చేయండి.